ఏలిముద్ర

మా పేటలో వేలిముద్ర అని ఎవరూ అనరు. ఏలిముద్ర అంటారు. చదువు రాదని చెప్పడానికి 'ఆడిది ఏలిముద్రే' అంటారు. పట్టిసీమలో మా తాతల తరం మొత్తం ఏలిముద్రే. కామందు దగ్గర అప్పు తెచ్చుకుంటే నోటు మీద ఏలిముద్ర. ఆ నోటులో ఎంత రాశారో తెలీదు. రాసినవాడు చదివి వినిపించిందే లెక్క. ఆ లెక్క తీర్చడానికే జీతాలకి ఉండేవాళ్ళు. అందుకే నన్ను బళ్ళో వేసినప్పుడు మా నాన్న డాక్టరవ్వమనలేదు, కలెక్టరవ్వమనలేదు. "ఏలు ఎయ్యకుండా బతకరా" అన్నాడు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదట. 2012లో సర్కారు బళ్ళో ఉద్యోగం వచ్చింది. ఆ ఏడాదే అమ్మకి సంతకం నేర్పాను. పగలు ఊడ్పులకెళ్ళి, రాత్రి పలక మీద పేరు దిద్దేది. బ్యాంకులో మొదటిసారి సంతకం పెట్టిన రోజు పేటంతా తిరిగి చెప్పింది. అది మా వంశంలో ఆడవాళ్ళ మొదటి సంతకం.

రేషను కార్డు కథ అంతకు ముందుది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం పెట్టింది. ఊడ్చిందీ కోసిందీ నూర్చిందీ మేమే అయినా, తెల్లన్నం మాకు పండక్కేనని మామ్మ చెప్పేది. మిగతా రోజులు చోళ్ళూ గంజీ. కార్డొచ్చాక పిల్లలు రోజూ అన్నం తిన్నారు. అందుకే ఆ కార్డుని మామ్మ రేకు పెట్టెలో, పెళ్ళి చీర మడతలో దాచేది. తర్వాత పేదోళ్ళకి తెల్లకార్డు, కలిగినోళ్ళకి గులాబీ కార్డు అన్నారు. ఏ రంగైనా కార్డు చూపిస్తే సరిపోయేది. మనిషిని చూసి మనిషి బియ్యం కొలిచేవాడు.

ఇక ఏలిముద్ర సంగతి. దీని ఆధునిక చరిత్ర మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్లో విలియం హెర్షెల్ అనే తెల్లదొర ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు, రేపు కాదనకుండా. 1877లో హుగ్లీలో పింఛనుదార్ల వేలిముద్రలు తీయించాడు. చచ్చినవాడి పింఛను ఇంకొకడు తీసుకుంటాడని అనుమానం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టి నేరస్తుల ముద్రలు పోగేశారు. 1911 చట్టం నేరస్త తెగలని పేరు పెట్టిన కులాల వాళ్ళ ముద్రలు తీసుకునే అధికారం ఇచ్చింది. మన బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో ఎరుకల వాళ్ళని సెటిల్మెంటులో పెట్టింది ఆ రోజుల్లోనే. నేరం చేసినందుక్కాదు, ఆ కులంలో పుట్టినందుకు. ఆ చట్టం 1952లో పోయింది. అంటే ఈ ముద్ర పుట్టిందే నమ్మకం లేకపోవడంలోంచి. దాన్ని ముందు ఎవరి మీద వాడారో చూడండి!

2010లో ఆధార్ సంఖ్యలివ్వడం మొదలైంది. 2012లో మా గోదారి అవతల తూర్పుగోదావరిలో ఆధార్ తో రేషను ఇచ్చి చూశారు. 2015లో షాపులకి ఈ-పాస్ మిషన్లొచ్చాయి. పట్టిసీమ ఎత్తిపోతల మోటార్లు గోదారి నీళ్ళని కృష్ణకి తోడిందీ ఆ ఏడాదే. గోదారి వంద మైళ్ళు పోయింది గానీ, అమ్మకి బియ్యం షాపు దాటి రాలేదు. ముప్పై ఏళ్ళు నారు పీకి, ఊడ్చి, లంకల్లో పొగాకు కొట్టిన వేళ్ళు. గీతలేం మిగుల్తాయి?

"సంతకం చేత్తానండి" అంది అమ్మ.

"సంతకం చెల్లదమ్మా, ఏలెయ్యి" అన్నాడు డీలరు.

కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేలు. కొబ్బరినూనె రాసుకుని, తుడుచుకుని మళ్ళీ. పడలేదు. వీఆర్వో వచ్చి ఆయన వేలేస్తే ఇస్తామన్నారు. ఆయన కోసం రెండు రోజుల కూలి పోయింది. సొంత బియ్యానికి ఇంకొకరి వేలు!

దొంగ కార్డులు లేవని నేననను. ఒకరి పేరు మీద ఇంకొకరు బియ్యం తినెయ్యడం మా పేటా చూసింది. మిషనొచ్చాక అది తగ్గిందని మావాళ్ళే అంటారు. అయితే దొంగని పట్టుకోడానికి దొంగ కానివాడు నెలనెలా రుజువు చూపాలా? కోట్లు అప్పు తీసుకున్నవాణ్ణి నెలనెలా వేలెయ్యమంటున్నారా?

2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు సంక్షేమ పథకాలకి ఆధార్ అడగొచ్చంది. ముద్ర పడలేదని అర్హుడికి ఆపకూడదని కూడా అంది. మొదటి మాట మా ఊరికి తొందరగానే చేరింది. రెండో మాట షాపు గోడ మీద నేనింతవరకు చూడలేదు. 2021లో బియ్యం బండి మీద ఇంటికొచ్చింది, 2025లో మళ్ళీ షాపుకెళ్ళింది. అదే ఏడాది క్యూఆర్ కోడున్న స్మార్టు కార్డులూ వచ్చాయి. కార్డు మారుతూనే ఉంది. అనుమానం మారలేదు.

నా బళ్ళో పిల్లలకి అయిదేళ్ళు నిండాక ఒకసారి, పదిహేనేళ్ళకి ఒకసారి ఆధార్ లో పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి. అ ఆలు దిద్దించే పంతులుగా నేనడిగేది పెద్ద కోరికేం కాదు. మిషను పడకపోతే అది మిషను తప్పని రాయాలి, మనిషి తప్పని కాదు. అక్కడే ఒక పుస్తకం పెట్టి, ఊరు సాక్షిగా, అదే పూట బియ్యం కొలవాలి. ఆ పుస్తకంలో మా అమ్మ సంతకం చెల్లాలి.