పేరు తప్పిన పట్టిక

అడిగినది తెచ్చి యిచ్చు సేవకుడు మంచివాడే. కాని అడుగుటలో పొరపాటు దొర్లినపుడు మారు ప్రశ్న వేయక, తనకు తోచినది తెచ్చి యిచ్చువానిని మన మేమందుము? డేటాబేసుల చరిత్రలో అట్టి సేవకు డొకడు కలడు.

1986లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఆచార్యుని నాయకత్వమున పోస్ట్‌గ్రెస్ అను డేటాబేసు నిర్మాణము మొదలయ్యెను. దాని ప్రశ్నభాష పోస్ట్‌క్వెల్. అందు ఏయే పట్టికలు కావలెనో వేరుగా చెప్ప నక్కరలేదు. ప్రశ్నలో పట్టిక పేరు కనబడిన చాలును, యంత్రమే గ్రహించెడిది. 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అను విద్యార్థులు దానికి ఎస్.క్యూ.ఎల్. భాషను సమకూర్చిరి. ఈ భాషలో పట్టికల నన్నిటిని 'ఫ్రమ్' అను మాట పిదప పేర్కొనుట నియమము. అయినను పాత యలవాటు పోలేదు. అచ్చట పేర్కొనని పట్టిక మరియొకచోట కనబడినచో, సాఫ్టువేరు దానిని తానే చేర్చుకొనుచుండెను.

ఇందలి చిక్కు నొక ఉదాహరణముతో చూతము. నూరుగురు ఉద్యోగుల పట్టికకు 'ఉ' అని పొట్టి పేరు పెట్టి, 'ఉ'లో 5వ సంఖ్య గలవాని పేరు కోరితిమి. కాని పేరు కోరుచోట పొరపాటున పట్టిక పూర్తి పేరు వ్రాసితిమి. యంత్రము అదే పట్టికను రెండవమారు చేర్చుకొని, ఒక్క పేరునకు బదులు నూరు పేర్లు చదివెడిది!

తుడిచివేయుమను ఆజ్ఞలో నిది మరింత ప్రమాదము. బకాయిల పట్టికలో 5వ సభ్యుని పద్దును తీసివేయదలచి, షరతులో సభ్యుల పట్టిక పేరు వ్రాసితి మనుకొందము. సభ్యులలో 5వ సంఖ్య గలవా డొక్కడున్న చాలును. ఆ షరతు ప్రతి బకాయికిని చెల్లును. పట్టిక యంతయు ఖాళీ యగును. తరువాతి ప్రతులు "చేర్చితిని" అని చిన్న సూచన నిచ్చెడివి. పని మాత్ర మాపెడివి కావు.

అయినచో ఈ యలవాటును వెంటనే ఏల మానలేదు? దానిపై నాధారపడి వ్రాసిన పాత కార్యక్రమములు చెడునను సంకోచ ముండెను. 2005లో వెలువడిన 8.1వ ప్రతిలో, ప్రత్యేకముగా కోరిననే తప్ప ఆ చేర్పు జరుగకుండునట్లు చేసిరి. తుడిచివేయు ఆజ్ఞలో రెండవ పట్టికను పేర్కొనుటకు సక్రమమైన మార్గమును గూడ అందే కల్పించిరి. 2010లో 9.0వ ప్రతినుండి ఆ సదుపాయమును పూర్తిగా తొలగించిరి.

నేడట్టి ప్రశ్న వేసినచో యంత్రము తప్పు చూపి ఆగును. "పొట్టి పేరు వ్రాయదలచితిరేమో" అని హెచ్చరించును గూడ. మన పొరపాటును మన్నించి సాగిపోవు యంత్రముకంటె, ఆగి మనలను అడుగు యంత్రమే మన పద్దులకు మేలు చేయును.