తెలుగు పాట చరిత్రలో ఒక తొలి ఆల్బమ్: ‘ఆయే లైలా’ – ప్రభావ విచారం

తెలుగు పాటను సినిమా పాట, లలిత గీతం, జానపద గేయం, ఉద్యమ గేయం అనే విభాగాలుగా అధ్యయనం చేయడం పరిపాటి. సినిమాతో నిమిత్తం లేకుండా ఆల్బమ్‌గా వెలువడిన పాప్, రాక్ గీతం వీటిలో దేనిలోనూ ఇమడదు. రమణ గోగుల తొలి ఆల్బమ్ ‘ఆయే లైలా’ (1996) అటువంటి రచన.

ఏ సంగీతకారుని తొలి ఆల్బమ్ అయినా అతడు విన్న పాటలకు సాక్ష్యంగా నిలుస్తుంది. బీటిల్స్ బృందం 1963లో వెలువరించిన తొలి ఆల్బమ్‌లోని 14 పాటలలో 6 ఇతరులవే. వాటిలో అధికభాగం అమెరికన్ నల్లజాతి గాయకుల పాటలు. అక్కడ రుణం స్పష్టం. తెలుగులో ప్రభావ నిర్ణయం అంత సులువు కాదు. బాణీతో పాటు భాషనూ పరిశీలించవలసి ఉంటుంది.

రాక్ తాళం ప్రధానంగా నాలుగు దెబ్బలది. రెండవ, నాలుగవ దెబ్బలపై ఊనిక పడుతుంది. చతురస్రగతికి అలవాటుపడిన తెలుగు గేయానికి ఈ నడక కొత్తది కాదు. చిక్కంతా పదంతోనే. ఆంగ్ల పదానికి ఊనిక ప్రాణం. అజంతమైన తెలుగు పదానికి మాత్ర ప్రాణం. ‘పడు’లోని హ్రస్వాన్ని సాగదీస్తే ‘పాడు’ అవుతుంది, అర్థమే మారిపోతుంది. ఈ గాయకుడే సంగీతం కూర్చిన ‘తమ్ముడు’ (1999) చిత్రంలో ఆంగ్ల గీతం చోటుచేసుకోవడాన్ని ఈ దృష్టితోనూ చూడవచ్చు.

చోడవరం వంటి ఉత్తరాంధ్ర ప్రాంతాలకు పరిచితమైన తప్పెటగుళ్ళలో కళాకారుడు వాద్యాన్ని రొమ్మున కట్టుకొని తానే వాయిస్తూ, పాడుతూ, ఆడతాడు. పాడేవాడే వాయించే రాక్ బృందంతో దీనికి పోలిక ఉంది. అయితే పోలికను ప్రభావంగా చెప్పడం శాస్త్రీయం కాదు. దానికి ఆధారం కావాలి.

ఆల్బమ్ వెలువడిన రెండేళ్లకే, ‘ప్రేమంటే ఇదేరా’ (1998)తో రమణ గోగుల చిత్రసంగీతంలో ప్రవేశించారు. ఆ తరువాత ఆయన కృషిని సినిమా పాటల పరిధిలోనే చర్చించడం సహజమైంది. తొలి ఆల్బమ్ నేపథ్యంలోకి జరిగింది. క్యాసెట్ టేపు కాలక్రమంలో క్షీణిస్తుంది. తాళపత్రాన్ని పరిష్కరించే శ్రద్ధతోనే ఈ పాటల పాఠాన్నీ నమోదు చేయాలి. లేనియెడల 1990ల తెలుగు గేయచరిత్ర సినిమా పాటల చరిత్రగానే మిగిలిపోతుంది.