పొలమున తోడు, కంచమున తోడు



హైదరాబాదు నగరమునకు పడమట మాదాపురమున 1998వ సంవత్సరములో సైబర్ టవర్స్ అను భవనము ప్రారంభింపబడినది. దాని చుట్టును హైటెక్ సిటీయు, పిదప గచ్చిబౌలి, కొండాపురము మొదలగు పల్లెలను కలుపుకొని సైబరాబాదును పెరిగినవి. మన గ్రామముల బిడ్డలెందరో నేడచట గణనయంత్రముల ముందు కూర్చుండి జీవనము గడపుచున్నారు. వారి ఆరోగ్యమునకును మన పొలముల మట్టికిని సంబంధమేమని అడుగవచ్చును.

హైదరాబాదు విశ్వవిద్యాలయమువారు తోడి వైద్యులతో కూడి, అచటి ఐటీ ఉద్యోగులలో 345 మందిని పరీక్షించి, 84 శాతము మందికి కాలేయమున మితిమీరిన క్రొవ్వు చేరినదని 2025లో ప్రకటించిరి. దినమెల్ల కూర్చుండుట, నిద్ర చెడుట, మనసున కలత, వేళ తప్పిన తిండి అను ఇవన్నియు కలసి తెచ్చిన వ్యాధి యిది. మట్టినొక్కదానినే దోషిగా నిలుపుట న్యాయము కాదు. కాని తిండి మాట వచ్చినచో పొలము మాట రాక తప్పదు.

ఎరువునకును ఆహారపు సత్తువకును గల సంబంధమును ప్రయోగశాలలో శోధించిన తొలివారిలో మన దక్షిణదేశమున పనిచేసినవారు కలరు. 1918లో కూనూరునందు రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు ఆహారలోపముచే కలుగు వ్యాధులపై పరిశోధన ఆరంభించెను. ఆయనయు, కోయంబత్తూరి వ్యవసాయ రసాయన శాస్త్రజ్ఞుడు బి. విశ్వనాథ్‌గారును కలసి, వేర్వేరు ఎరువులతో పండించిన చిరుధాన్యమును, గోధుమను జంతువులకు పెట్టి చూచిరి. పశువుల యెరువుతో పండిన గింజ రసాయనపు టెరువుతో పండినదానికంటె పుష్టికరమని 1926లో ప్రకటించిరి. ఇండోరులో చెత్తనుండి ఎరువు చేయు పద్ధతిని నెలకొల్పిన ఆల్బర్ట్ హోవర్డ్ 1940లో వెలువరించిన తన గ్రంథమున మెకారిసన్ పరిశోధనలను ప్రస్తావించెను. ఒక్క పరీక్షతో సర్వము తేలదు. ఈ విషయమున నేటికిని వాదములు కలవు. అయినను జీవముగల మట్టిలో వేళ్లనంటి బ్రతుకు బూజుజాతి సూక్ష్మజీవులు భాస్వరమును, జింకును మొక్క కందించుననియు, భాస్వరపు టెరువు మితిమీరినచో ఆ సహాయము సన్నగిల్లుననియు ఇప్పటి శాస్త్రజ్ఞు లెరుగుదురు.

కూనూరి పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. నేడు తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ అదియే. అచట బయలుపడిన యొక సంగతి జొన్న తిను మనకు ముఖ్యము. ఎండ తగిలినచోట చర్మము నల్లబడి పగులుట, విరేచనములు, మతి చెదరుట లక్షణములుగా గల పెల్లాగ్రా అను వ్యాధి, జొన్నయే ముఖ్యాహారమైన దక్కను పేదలలో కనబడుచుండెను. జొన్నలో ల్యూసీను అను పదార్థము హెచ్చుగా నుండుట దీనికి కారణమని గోపాలన్, శ్రీకంటియా అను వైద్యులు 1960లో ప్రతిపాదించిరి. కారణముపై చర్చ సాగినను, ఒక్క ధాన్యముతోనే కడుపు నింపుకొనుట ప్రమాదమని మాత్రము తేలినది.

మరి మన పూర్వులు జొన్నను ఒంటిగా విత్తిరా? జొన్నసాళ్ల నడుమ కంది వేసిరి. పెసర, అనుములు కలిపిరి. వాననీటికి తమంత మొలచిన ఆకుకూరను ఏరి తెచ్చుకొనిరి. కంది వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. జొన్నలో కొరతగానుండు లైసీను కందిపప్పున సమృద్ధిగా కలదు. అనగా పొలమున తోడైన పైరే కంచమునను తోడగుచున్నది. నేడు పునరుజ్జీవన వ్యవసాయమని పిలువబడు పద్ధతికి ఈ కలయికయే ప్రాణము. పేదకు దొరకనిది ఆ తోడే. గింజ నిందింపదగినది కాదు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యపు పథకము వచ్చెను. అది ఆకలి తీర్చెననుట సత్యము. కాని మెట్టప్రాంతపు వంటయిండ్లలో జొన్నరొట్టె, దానితోపాటు జొన్నచేనును వెనుకబడెను. జాతీయ పోషకాహార సంస్థవారి 2017 పట్టికల ప్రకారము నూరు గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల సున్నపుసత్తువ యుండగా, తెల్లబియ్యమున ఎనిమిదియు నిండదు. ఎముకల కిది చిన్న భేదము కాదు.

ఆ 1983లోనే జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ ఏర్పడెను. పస్తాపూరు చుట్టుపట్ల దళిత మహిళలు సంఘములుగా కూడి, బీడునేలలను పశువుల యెరువుతో బాగుచేసి, పలు విత్తనములు కలిపి విత్తిరి. ఇంటింట విత్తనములు దాచిరి. ఊరిలో పండిన జొన్నను ఊరి పేదలకే చవుకగా పంచు ధాన్యనిధులు నెలకొల్పిరి. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము వారికి లభించెను. సైబరాబాదునుండి బొంబాయి బాటన నూరు కిలోమీటర్లకు లోపుననే ఈ పని జరిగినది.

ఇప్పుడు నగరపు టంగళ్లలో కొర్రలు, సామలు అందమైన సంచులలో అమ్ముడగుచున్నవి. సంతోషమే. కాని వాటి గిరాకిని చూచి చేనంతయు ఒక్క కొర్రనే చల్లి మందులు కుమ్మరించినచో మట్టికిని మేలు లేదు. కొర్రయన్నమునే ఔషధమని నమ్మి పప్పును కూరను విడిచినచో దేహమునకును మేలు లేదు. ఏ గింజకు ఏ గింజ తోడో, ఏ కార్తెలో ఏది విత్తవలెనో ఎరిగినవారు మీరు. ఆ యెరుక మీతో ముగియరాదు. పండుగకు ఇల్లు చేరు బిడ్డలను ఒక్కపూట చేనికి తీసికొనిపోయి చూపుడు. తిరిగి పోవునప్పుడు జొన్నలతోపాటు కందిపప్పును మూటగట్టి పంపుడు.