అమరావతి శిల్పాల తరలింపు

గుంటూరు సీమలో కృష్ణ కుడిగట్టున వెలసిన బౌద్ధ మహాస్తూపపు పలకలు 19వ శతాబ్దంలో మచిలీపట్నం, మద్రాసు, లండన్ చేరాయి. వీటిని పాలరాళ్లని రాస్తారు గానీ నిజానికివి పల్నాటి సున్నపురాళ్లు.

1790ల్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు ధరణికోట పక్కనే అమరావతి పట్నం కట్టించాడు. ఇటుకకూ రాతికీ పనివాళ్లు స్తూపపు దిబ్బ అయిన దీపాలదిన్నెను తవ్వారు. 1797లో సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిన్నె నడుమ చెరువుకని తవ్విన గొయ్యి కనిపించింది. కొన్ని పలకలు శివగంగ చెరువు మెట్లయ్యాయి. కొన్నింటి మీది బొమ్మలను గట్టిరాతితో అరగదీసి, నున్నగా చేసి మసీదులకు వాడారు. మెకంజీ బృందం మిగిలినవాటిని ఓపికగా గీసుకుంది. ఇప్పుడు జాడలేని పలకలు కొన్ని ఆ బొమ్మల్లోనే మిగిలాయి.

అదే 1816లో గ్రీసు నుంచి ఎల్గిన్ ప్రభువు పట్టుకొచ్చిన శిల్పాలను బ్రిటిష్ పార్లమెంటు 35,000 పౌండ్లకు కొన్నది. పిల్లలు రొట్టెకు అలమటిస్తుంటే ఇంగ్లండుకు ప్రతీకైన జాన్ బుల్ రాళ్లు కొంటున్నాడని జార్జ్ క్రుక్‌షాంక్ వ్యంగ్యచిత్రం వేశాడు. అమరావతి రాళ్లను గీసినవాళ్లు సర్వేయర్లు. కొలతలు తీసుకోవడం వాళ్ల పని, వెక్కిరించడం కాదు.

వెక్కిరించదగ్గ ఘట్టాలకు మాత్రం కొదవలేదు. రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని పలకలతో మచిలీపట్నం అంగడివీధిని అలంకరించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపినవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. ఎల్గిన్ పేరుకు దీటుగా వాటికి ‘ఇలియట్ మార్బుల్స్’ అన్న బిరుదైతే దక్కింది. 1859లో 121 శిల్పాలను ఓడ ఎక్కించారు. లండన్ చేరాక అవి మొదట సదర్క్‌లోని బీల్స్ రేవులో, తర్వాత ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్ బండ్లకొట్టంలో పడి ఉన్నాయి. పారిస్ ప్రదర్శనకు ఫొటోలు సిద్ధం చేస్తూ 1867లో జేమ్స్ ఫెర్గూసన్ వాటిని ఆ కొట్టంలో కనిపెట్టాడు. మరుసటేడే వాటి మీద ఆయన రాసిన పెద్ద గ్రంథం ప్రభుత్వ ఆధ్వర్యంలోనే వెలువడింది. 1880లో శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంకు మారాయి.

అమరావతిలో దిన్నెకు అసలు దెబ్బ తగిలింది కూడా 1880లోనే. 1877లో రాబర్ట్ స్యూయెల్ కొంతమేర తవ్వాక, మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ మొత్తం తవ్వెయ్యమన్నాడు. 1881 చివర్లో పురావస్తు సర్వేయరు జేమ్స్ బర్జెస్ వచ్చేసరికి మిగిలింది పెద్ద గొయ్యి, దాని చుట్టూ పలకలు. వాటిని ఉన్నచోటే కాపాడాలని పురాతన కట్టడాల క్యురేటర్ హెచ్.హెచ్. కోల్ వాదించాడు. మద్రాసుకు పంపాల్సిందేనన్న బర్జెస్ మాటే నెగ్గింది. అక్కడి మ్యూజియంలో వాటిని సిమెంటుతో గోడలకు బిగించారు. చెమ్మ పట్టి రాయి పెచ్చులూడటానికి ఆ సిమెంటే కారణమైంది.

లండన్‌లో 1992లో ఈ శిల్పాలకు ప్రత్యేక గ్యాలరీ తెరిచారు. అమరావతిలో పురావస్తు శాఖ ప్రదర్శనశాలలో ఉన్నవి తర్వాతి తవ్వకాల్లో దొరికినవీ, ఊళ్లో మిగిలినవీ.