చిల్లికానీ విలువెంత?



చేతకానివాణ్ణి చూసి "చిల్లికానీ చేయడు" అంటాం. ఆ చిల్లి పొరపాటున పడింది కాదు సుమండీ! రెండో ప్రపంచ యుద్ధంలో రాగికి కటకట వచ్చి, 1943 నుంచి 1947 దాకా కానీలకు నడుమ చిల్లిపెట్టే అచ్చువేశారు. ఆ చిల్లి పక్కకి జరిగి ఉంటేనే టంకశాల తప్పు. కాబట్టి పాత నాణెం దొరగ్గానే మొదట అడగవలసింది, దాన్ని ఎలా చేశారని.

మన కొండవీడు సంగతే తీసుకోండి. రెడ్డిరాజుల రాజధాని అది. 1515లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. తర్వాత గోల్కొండ నవాబుల పాలయింది. దొరలు మారినకొద్దీ జనం కొంగున ముడివేసుకునే డబ్బూ మారింది. రాయలనాటి బంగారు వరహాలు, గోల్కొండవారి రాగి నాణేలు, అన్నీ చేతిపనే. తూచిన బిళ్ళను కింది అచ్చు మీద పెట్టి, పై అచ్చు ఆనించి, సుత్తితో ఒక్క దెబ్బ! వరహా తూకం సుమారు మూడున్నర గ్రాములు. అంత చిన్న బిళ్ళ మీద అచ్చు మొత్తం పట్టడం అరుదు. ఒక పక్క బాలకృష్ణుడు, రెండో పక్క నాగరి లిపిలో రాయల పేరు ఉన్న వరహాలో ఒక అక్షరం అంచు దాటిపోయిందంటే అది వింతా కాదు, దానికి ఎక్కువ ధరా రాదు. అయితే ఒకదానిలో పోయిన అక్షరం ఇంకోదానిలో దొరుకుతుంది. చరిత్రకారులు నాణేలు పక్కపక్కన పేర్చి పేరు పూర్తిచేసేది అలాగే.

యంత్రం మీద చేసిన నాణేల లెక్క వేరు. అక్కడ తప్పు పడ్డవాటిని ఏరి పారేస్తారు. కన్నుగప్పి బయటికొచ్చినవే అరుదు. మీరూ పరీక్షించవచ్చు. రూపాయిని బొమ్మ నిలువుగా పట్టుకుని, పుస్తకంలో పుట తిప్పినట్టు తిప్పండి. బొరుసు కూడా నిలువుగా రావాలి. వంకరగా వస్తే అచ్చు తిరిగిందన్నమాట. ఒకవైపు ముద్ర మామూలుగా ఉండి, రెండోవైపు అదే ముద్ర అద్దంలో చూసినట్టు తిరగబడి లోపలికి దిగి ఉంటే, దాన్ని వర్తకులు "లఖీ" అంటారు. ముందు నాణెం అచ్చుకే అతుక్కుపోవడంవల్ల అలా పడుతుంది. సంవత్సరం కింద చిన్న నక్షత్రం కనబడితే కంగారు పడకండి. అది మన హైదరాబాదు టంకశాల గుర్తు.

ఇక ధర. ముద్ర కాస్త జరిగితే పెద్దగా రాదు. సగం జరిగి కూడా సంవత్సరం కనబడుతుంటే కోరేవారుంటారు. సుత్తితో కొట్టినవి, ఆకురాయితో గీసినవి తప్పునాణేలు కావు, పాడైన నాణేలు.

అన్నిటికంటే ముఖ్యం, చింతపండు పెట్టి తోమకండి! ఇత్తడి చెంబుకి అది మేలే గాని, పాత రాగి నాణేనికి అక్షరాలే అరిగిపోతాయి. కాసులపేరు కోసం కొక్కెం అతికించినా విలువ పడిపోతుంది. నేలలో నిక్షేపం దొరికితే, పది రూపాయలకు మించిన విలువైతే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం. "మీ నాణేనికి లక్షలిస్తాం, ముందు కమిషన్ పంపండి" అనేవారిని అసలు నమ్మకండి. తన పేరు చెప్పి మోసాలు జరుగుతున్నాయని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

అమ్మమ్మ పెట్టెలో వరహా ఉంటే కంసాలి దగ్గరికి పరుగెత్తకండి. మెత్తటి గుడ్డలో చుట్టి దాచి, నాణేలు తెలిసినవారికి చూపించండి. కరిగిస్తే బంగారం మిగులుతుంది, రాయల పేరు మిగలదు.