ఎర్ర దీపం, పట్వారీ దస్త్రం

సర్వర్లలో చచ్చిన డిస్కులు పీకి కొత్తవి పెట్టడం నా బతుకుదెరువు. మా రాయికోడ్‌లో ఈ మాట చెబితే "గదీ ఒక పనేనా?" అంటారు.

ఈ పనికి పునాది 1988లో పడింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ ఒక పరిశోధన పత్రం రాశారు. అప్పటి పెద్ద కంప్యూటర్ల డిస్కులు అల్మారాలంత ఉండేవి, ధరలూ అలాగే మండిపోయేవి. చిన్న కంప్యూటర్ల చవక డిస్కుల్ని వరసగా పేర్చి ఆ పని చేయించొచ్చని వాళ్ల వాదన. చిక్కల్లా చావుల లెక్కలో వచ్చింది. ఒక్కో డిస్కు సగటున 30,000 గంటలు నడుస్తుందనుకుంటే, 100 డిస్కుల్లో 300 గంటలకే ఏదో ఒకటి పోతుంది. రెండు వారాలు కూడా నిలవదన్నమాట! దానికి మందు రెయిడ్, అంటే ఒక డిస్కు పోయినా మిగతావాటి నుంచి దానిలోని సమాచారాన్ని తిరిగి రాబట్టేలా రాసుకునే పద్ధతి. 7, 5, 9 అని రాసి, పక్కన మొత్తం 21 అనీ రాసుకుంటే, మధ్యలో 5 చెరిగిపోయినా మనం తిరిగి రాబట్టగలం. రెయిడ్‌లో ఒక రకమైన రెయిడ్ 5 చేసేది అచ్చం కూడిక కాకపోయినా కిటుకు అదే.

పని దగ్గర సంగతి వేరు. డిస్కు పోతే దాని ముందు ఎర్రదో నారింజదో దీపం వెలుగుతుంది, కంట్రోలర్ కీచుమంటుంది. దీపాన్ని నమ్మి చెయ్యి పెట్టకూడదు. సాఫ్ట్‌వేర్ చూపే సీరియల్ నంబరూ డిస్కు మీది స్టిక్కరూ కలిశాకే పీకాలి. చచ్చినది వదిలేసి పక్కనున్న మంచి డిస్కు లాగితే కథ అక్కడికే ముగుస్తుంది. ఒక ఆఫీసులో కీచుమోత విసుగనిపించి ఎవరో దాన్ని ఆపేశారు. నెలల తర్వాత రెండోదీ పోయాకే నన్ను పిలిచారు. ఒకే లాట్‌లో కొన్నవి ఇంచుమించు ఒకే కాలంలో ముసలివవుతాయి. పైగా కొత్త డిస్కు నింపేటప్పుడు మిగతావాటిని మొదటినుంచి చివరిదాకా చదవాలి. అవి టెరాబైట్లకు పెరిగాక ఆ చదువు గంటలు దాటి రోజులకు పాకింది. అందుకే రెండు పోయినా తట్టుకునే రెయిడ్ 6 వాడుకలోకి వచ్చింది.

ఇలా ఒకటి పోయినా నిలబడే ఏర్పాటు కొత్తదేం కాదు. మా వైపు భూమి కాయితాల చరిత్ర చూస్తే నాకు పాతవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. భూముల లెక్క రాసే పహాణీ ఊళ్లో పట్వారీ దస్త్రంలో ఉండేది, తహసీల్లో ఇంకో ప్రతి ఉండేది. ఏటా జమాబందీలో పైఅధికారి లెక్కలు సరిచూసేవాడు. పట్వారీ చేతివాటం గురించి చెప్పనక్కర్లేదు, 1984లో ఆ వ్యవస్థ రద్దయినప్పుడు ఏడ్చినవాళ్లు తక్కువే. కానీ ఒక ప్రతి వేరే ఊళ్లో ఉండటం, ఏడాదికోసారి తెరిచి చూడటం అనే రెండూ మంచి అలవాట్లు. 1998 నవంబర్ 4న కార్డ్ పథకంతో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులకు కంప్యూటర్లు వచ్చాయి. 2020 అక్టోబర్ 29న ధరణి పోర్టల్ వచ్చి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు చేతికిచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి మొదలైంది. ఇప్పుడు రాయికోడ్ రైతు వేలిముద్ర వేసేది మండలాఫీసులోనే, అతని పట్టా ఉండేది మాత్రం ఎక్కడో సర్వర్ డిస్కుల మీద.

కానీ రెయిడ్ కాపాడేది డిస్కు చావు నుంచి మాత్రమే. తప్పుడు పేరు ఎక్కిస్తే ఆ తప్పునే అన్ని డిస్కులకూ పంచుతుంది. చెరిపేస్తే అన్నింట్లోనూ చెరుపుతుంది, గది తగలబడితే డిస్కులతో పాటే పోతుంది. టెండర్లలో "రెయిడ్ ఉంది, బ్యాకప్ అక్కర్లేదు" అనే ధోరణి ఇంకా కనబడుతోంది. మీ బ్యాంకులోనో సంఘంలోనో సర్వర్ ఉంటే రెండు ప్రశ్నలు అడగండి: రెండో ప్రతి ఏ ఊళ్లో ఉంది? దాన్ని చివరిసారి తెరిచి చూసిందెప్పుడు?