పెరటిలోని గాజుపడవ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో సరస్సులకును సముద్రమునకును చేరువనున్న ఊళ్లలో, ఇంటి ప్రక్కన ట్రైలరు మీద, చినిగిన టార్పాలిను క్రింద, ఎండకు వెలిసి ఏండ్ల తరబడి కదలక పడియున్న ఫైబర్‌గ్లాస్ మోటారు పడవ తరచుగా కనబడుచుండును. దానిని కొన్న గృహస్థుడు శని ఆదివారములందు దాని ముందు చేరి, గీకి, కోసి, అతికి, మరల నీటికి దింపవలెనని పాటుపడుటయు నచట నంతే సామాన్యము. ఈ యాచార మెట్లు పుట్టినదని విచారించినచో, మూలకారణము ఆ పదార్థముయొక్క చిరాయువే యని తోచుచున్నది. కొయ్యపడవ నుపేక్షించినయెడల కొలదికాలములోనే చివికి మట్టిలో కలిసిపోవును, గాజుపడవ చావదు. చావనిదానిని పారవేయ మనసొప్పదు. పారవేయుదమన్నను చోటు దొరకదు. కావున నది చవుకగా చేతులు మారి మారి, తుదకు ధనము తక్కువయు నోపిక యెక్కువయు గలవాని పెరటికి చేరును.

గాజును పోగులుగా తీయుట పూర్వులెరిగిన విద్యయే యైనను, దానిని విస్తారముగా, చవుకగా చేయు మార్గము 1932లో, ఓహాయో రాష్ట్రములోని ఓవెన్స్-ఇల్లినాయ్ కంపెనీలో, కొంత యాదృచ్ఛికముగా దొరకినది. డేల్ క్లైస్ట్ అను యువకుడు గాజు దిమ్మెలను కరిగిన గాజుతో అతుకుటకు యత్నించుచుండగా, వేగముగా వెలువడిన గాలి యా ద్రవమును తాకి సన్నని పోగులుగా చిమ్మెనట. అచటి పరిశోధనకు పెద్దయైన గేమ్స్ స్లేటర్ దాని విలువను గుర్తెరిగెను. 1938లో ఓవెన్స్-కార్నింగ్ ఫైబర్‌గ్లాస్ సంస్థ యేర్పడెను. ఆరంభమున నీ పోగులు గోడల నడుమ దట్టించి వేడిని చలిని అడ్డుటకే పనికివచ్చినవి. పడవకు కావలసిన గట్టిదనము పోగులొక్కటే ఈయజాలవు. వానిని పట్టియుంచు బంక వలయును. పాలియెస్టర్ రెజిన్ ఆ లోటు తీర్చెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానముల రాడారు గుమ్మటములకు ఈ రెంటి కలయిక యక్కరకు వచ్చినది. ఆ కాలముననే టొలీడో పట్టణవాసి రే గ్రీన్ దానితో చిన్న పడవలు చేసి చూపెను.

యుద్ధానంతరము కారుకొని శివార్లలో నిల్లు కట్టుకొన్న మధ్యతరగతివానికి, పడవ ధనికుల సొత్తుగా తోచుట మానెను. మహాగని కొయ్య పడవలకు పేరెన్నికగన్న క్రిస్-క్రాఫ్ట్ వారే 1950లలో, కోసి సిద్ధపరచిన పలకలను పెట్టెలలో పెట్టి అమ్మి, ఇంటివద్దనే బిగించుకొనుడని ప్రోత్సహించిరి. అనగా, పెరటిలో పడవపని చేయు నలవాటు గాజుపడవ పాతబడకముందే కొయ్యతో నేర్చినదన్నమాట. ఇంతలో అచ్చులు వచ్చెను. అచ్చులోపల రంగుపొర పూసి, దానిమీద గాజుగుడ్డ పరచి, రెజిన్ తడిపి, గట్టిపడిన పిమ్మట పైకి తీసిన పడవ సిద్ధము. తరతరములుగా వంపు పలకలను ఆవిరికి మెత్తపరచి, అతుకు కనబడకుండ కూర్చిన వడ్రంగి నేర్పుతో పనిలేకపోయెను. అచ్చునకు ఏ యాకృతి యైనను సరియే గనుక, ఆ దశాబ్దపు చివర కార్లకున్నట్టి తోకరెక్కలు పడవలకును మొలచినవి. అవి నీటిలో దేనికి పనికివచ్చునో చేసినవారికే తెలియవలెను. నేడు వానికే యెక్కువ గిరాకి.

ఈ చరిత్రలో తప్పక చెప్పదగిన పడవలు రెండు. 1958లో రిచర్డ్ ఫిషర్ వెలువరించిన 13 అడుగుల బోస్టన్ వేలర్ మొదటిది. రెండు గాజుపొరల నడుమ నురుగు పోసి గట్టిపరచుటచే నది మునుగదు. 1961లో లైఫ్ పత్రికవారు ఫోటోలు తీయుచుండగా, ఫిషర్ సూటు ధరించి పడవలో కూర్చుండియే దానిని ఱంపముతో రెండుగా కోయించి, ఇంజనున్న సగముతో సాగిపోయెను. ప్రకటన యనిన నట్లుండవలెను! రెండవది మోపీ. రేమండ్ హంట్ రూపించిన లోతైన అడుగుతో, 1960లో మయామీ నుండి నస్సావునకు జరిగిన పందెమును రిచర్డ్ బెర్‌ట్రమ్ ఆ పడవమీదనే గెలిచెను. మోపీ కొయ్యతో చేసినది. దానిమీదనే అచ్చు తీసి, బెర్‌ట్రమ్ 31 అను ప్రసిద్ధమైన గాజుపడవలను పోసిరి. కొయ్యను త్రోసిరాజన్న పదార్థమునకు రూపమిచ్చినది కొయ్యయే.

అంతేకాదు, కొయ్య యా పడవలను వదలి పూర్తిగా వెళ్లనేలేదు. పెరటి కష్టమంతయు నిచ్చటనే యున్నది. ఇంజను బిగించు వెనుకటి నిలువు గోడను ట్రాన్సమ్ అందురు. చూపునకది గాజు, లోపల ప్లైవుడ్. నేలక్రింద నిడివిగా పోవు దూలములకును చెక్కయే ఆధారము. ఇంజను మరలకై, నిచ్చెనకై తొలిచిన కన్నములను సరిగా మూయక విడిచినచో, నీరు లోనికి దిగి రెండు పొరల నడుమ చిక్కును. ఆరుటకు దారిలేక చెక్క కుళ్లును. పైమెరుగు మాత్రము చెడదు. అనుభవజ్ఞుడు ప్లాస్టిక్ సుత్తితో గోడ పొడవునను తట్టుచు పోవును. గట్టిచోట ఖంగుమనును, కుళ్లినచోట మొద్దుగా పలుకును. అనుమానమున్నచోట చిన్న బెజ్జము తొలిచి, రాలిన పొట్టును వ్రేళ్లనడుమ నలిపి చూచును: పచ్చగా పొడిగా నున్న మేలు, తడిసిన కాఫీపొడివలె నున్నచో గోడ విప్పవలసినదే.

లోపలి పొరను ఱంపముతో కోసి తీసి, నల్లని చెక్కను ఉలితో తవ్వి, అట్టతో కొలత తీసి క్రొత్త ప్లైవుడ్డును కోసి, దాని యంచులకెల్ల ఎపాక్సీ అను బంకను త్రాగించి, చిక్కపరచిన రెజిన్‌తో అమర్చి, పైన గాజుగుడ్డను పొరలు పొరలుగా వేసి, బుడగలు పోవునట్లు రోలరుతో ఒత్తవలెను. అతుకుచోట పాతగాజును మందమునకు పండ్రెండు రెట్ల వెడల్పున ఏటవాలుగా అరుగదీయనిచో అతుకు బలముగా నిలువదు. పాలియెస్టర్ రెజిన్‌లో గట్టిపరచు ద్రవమును నూటికి ఒకటి రెండు పాళ్లకు మించి కలుపరు. వేడి దినమున నది యెక్కువైనచో, పూయకముందే గిన్నెలో పొగలు గ్రక్కి రాయి యగును. అరుగదీయునపుడు లేచు ధూళి చర్మమున గుచ్చుకొని దురదపెట్టును, ఊపిరితిత్తులకు చేటు. ముసుగు లేక యీ పని చేయరాదు. ఇంటివాని కిట్టి పని సాధ్యమగుటకు మిషిగన్ రాష్ట్రములోని గూజన్ సోదరులు చేసిన మేలు పెద్దది. వారు పడవపనికై ఎపాక్సీని అమ్మి, 1979లో నిర్మాణవిధానమునంతను ఒక గ్రంథముగా వెలువరించిరి.

పాతపడవ యే కంపెనీదో గుర్తించుటయు నొక పరిశోధనమే. 1972 నవంబరు నుండి ప్రతి పడవకును గుర్తింపు సంఖ్య తప్పనిసరి. ట్రాన్సమ్ కుడిపై భాగమున నుండును. అంతకు పూర్వపు పడవలకు ఆనాటి క్యాటలాగులే దిక్కు. వానిని కూర్చి భద్రపరచినవారు పండితులు కారు, పెరటిలో పడవ నిలుపుకొన్న గృహస్థులే.

మన తీరమునకు గాజుపడవ వచ్చిన మార్గము వేరు. తెలుగు తీరమున అలల నెదిరించుటకు మేకులు లేక కొబ్బరినారతో పలకలను కుట్టిన పడవలు పూర్వముండెడివి. 1979లో మద్రాసు కేంద్రముగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అను మత్స్య పథకమువారు, ఇసుకమీదికి నేరుగా లాగదగిన ఫైబర్‌గ్లాస్ మోటారు పడవలను తూర్పుతీరమునకై రూపించి పరీక్షించిరి. నేడు ఉప్పాడ మొదలు విశాఖ వరకు ఫైబరు బోటులేని రేవు లేదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధమున్న దినములలో, ఇసుకకు అరిగిన అడుగులకు ఒడ్డుననే మాసికలు వేయుదురు. వేడుకకు గాదు, మరల వేటకు పోవలెను గనుక. ఆ బోట్లు మొదట నెవరు పోసిరి, అచ్చులెచ్చటివి, కొయ్యపని మానినవారేమైరి అను సంగతులు ముసలి పనివాండ్ర నోటనున్నవి. తీరమున నుండు చదువరులు వేసవి సెలవులలోనైన వారికడకు పోయి, అడిగి, పేర్లతో సంవత్సరములతో వ్రాసికొనవలెనని ప్రార్థన.